తోక ఎస్, కామా ఎస్: మీ ప్రశ్నలు, మా జవాబులు

రోమన్ లిపిలోని ఎస్ కింద చిన్న గుర్తు ఉన్న అక్షరం గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. అన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం. ముందు పేర్లు కుదుర్చుకుందాం. కొక్కెంలా వంగి అక్షరం అడుగుకు అతుక్కుని ఉండే గుర్తు పేరు సెడిల్లా. అది ఉన్నదాన్ని ఇక్కడ ‘తోక ఎస్’ అంటాం. అక్షరానికి తగలకుండా కింద విడిగా కామా ఉంటే ‘కామా ఎస్’. చుక్క ఉంటే ‘చుక్క ఎస్’. ఇవి మూడూ వేరువేరు అక్షరాలు. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావరకు వీటిని ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే.

ప్రశ్న: వార్తలు అనువదిస్తుంటాను. టర్కిష్ పేర్లలో ఎస్ కింద తోక కనిపిస్తుంది. ఇంగ్లీషు ఏజెన్సీ కాపీలో ఆ తోక ఉండదు. తెలుగులో స రాయాలా, ష రాయాలా?

జవాబు: తోక ఉంటే ష, లేకపోతే స. టర్కిష్‌లో దీనికి మినహాయింపు లేదు. 29 అక్షరాల టర్కిష్ వర్ణమాలలో ఎస్ 22వది, తోక ఎస్ 23వది. 1928 నవంబరు 1న అక్కడి పార్లమెంటు ఆమోదించిన 1353వ నంబరు చట్టంతో అరబిక్ లిపి పోయి ఈ వర్ణమాల వచ్చింది. అప్పటినుంచీ తోక ఎస్‌కు సొంత స్థానం, సొంత ఉచ్చారణ ఉన్నాయి. తోక తీసేస్తే మాటే మారిపోతుంది. ‘కాస్’ అంటే కండరం, ‘కాష్’ అంటే కనుబొమ్మ. ‘సిస్’ అంటే పొగమంచు, ‘షిష్’ అంటే ఊచ. ‘బాస్’ అంటే నొక్కు, ‘బాష్’ అంటే తల.

ఇంగ్లీషు కాపీని నమ్ముకుంటే ఫుట్‌బాల్ క్లబ్ బెషిక్తాష్ కాస్తా బెసిక్తాస్ అయిపోతుంది, ఎస్కిషెహిర్ నగరం ఎస్కిసెహిర్ అవుతుంది. అలాగని టర్కిష్ పేరు కనబడగానే ష పెట్టేయడమూ తప్పే. ఎస్కిషెహిర్‌లోనే చూడండి, మొదటి ఎస్‌కు తోక లేదు, రెండోదానికి ఉంది. ఇస్తాంబుల్‌లో ఉన్నది మామూలు ఎస్. కాబట్టి పేరును ఒకసారి టర్కిష్ భాషలోని పేజీలో చూసి, ఏ ఎస్‌కు తోక ఉందో గమనించి రాయండి. అర నిమిషం పని.

సి కింద తోక కనిపిస్తే టర్కిష్‌లో అది చ. తోక లేని సి అయితే జ. ‘చెష్మే’ అనే ఊరి పేరులో రెండు తోకలూ వస్తాయి. ఫ్రెంచిలో సి కింది తోక అదే ఆకారం, పని మాత్రం వేరు: క అని పలకాల్సిన చోట స అని పలకమంటుంది. అంటే తోకకు తనదంటూ ఒక శబ్దం లేదు. ఏ భాష, ఏ అక్షరం అన్నది చూశాకే ఉచ్చారణ తేలుతుంది.

శ రాయాలా, ష రాయాలా అని కూడా అడిగారు. ఈ శబ్దం మన రెంటిలో దేనికీ అచ్చంగా సరిపోదు. తెలుగు పత్రికల్లో ఇంగ్లీషు పేర్లకు ష స్థిరపడింది కాబట్టి ఇక్కడా ష రాయడమే మేలు. ఒకే వార్తలో రెండూ కలిపి రాయకండి.

ప్రశ్న: ఈ అక్షరం టర్కిష్ ఒక్కదాంట్లోనేనా?

జవాబు: కాదు. అజర్‌బైజానీ (1991లో మళ్లీ రోమన్ లిపికి వచ్చినప్పటినుంచి), తుర్క్‌మెన్, గగౌజ్, క్రిమియా తాతార్, కుర్దిష్‌లోని కుర్మాంజీ మాండలికం, అన్నిటిలోనూ తోక ఎస్ ఉంది, అన్నిటిలోనూ ష శబ్దమే. కుర్మాంజీ వర్ణమాలకు 1932లో ‘హావార్’ పత్రిక ద్వారా రూపమిచ్చింది జెలాదెత్ అలీ బెదిర్‌ఖాన్.

తుర్క్‌మెన్‌లో ఇది స్థిరపడటానికి ముందు ఒక విచిత్రం జరిగింది. 1993లో తయారైన వర్ణమాలలో ఈ శబ్దానికి పెద్దక్షరంగా డాలర్ గుర్తును, చిన్నక్షరంగా సెంటు గుర్తును పెట్టారు. తర్వాతి సవరణలో వాటిని తీసేసి తోక ఎస్ తెచ్చారు. ఉజ్బెక్ దారి దీనికి తలకిందులు. 1993లో తోక ఎస్ తీసుకుని, 1995లో దాన్ని వదిలి ఎస్, హెచ్ జంటకు మారింది. జంటతో వచ్చే చిక్కు వెంటనే బయటపడింది. ‘ఇస్‌హాక్’ అనే పేరులో స, హ విడివిడిగా పలకాలి, రాతలో మాత్రం ‘ఇషాక్’ లాగా కనిపిస్తుంది. అందుకని ఆ రెంటి మధ్య అపాస్ట్రఫీ పెట్టాల్సి వస్తుంది. ఒక శబ్దానికి ఒకే అక్షరం ఉంటే ఈ అవస్థ లేదు. మా దృష్టిలో తోక ఎస్‌కున్న అసలైన బలం ఇదే.

చెక్, స్లోవాక్, క్రొయేషియన్, లిథువేనియన్ వంటి భాషలు ఇదే శబ్దాన్ని ఎస్ పైన చిన్న వి ఆకారపు గుర్తు పెట్టి రాస్తాయి. అది మరో అక్షరం, దాని కథ వేరు.

ప్రశ్న: డీటీపీ చేస్తాను. రొమేనియన్ భాషలో ఒక కరపత్రం వచ్చింది. వాళ్లిచ్చిన వర్డ్ ఫైలునే పేజీలో పోశాను. ‘ఎస్, టీ అక్షరాలు తప్పుగా ఉన్నాయి, కొన్నిచోట్ల ఫాంట్ కూడా మారింది’ అని తిప్పి పంపారు. నా కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఫైలులో తోక ఎస్‌లు, కామా ఎస్‌లు కలిసిపోయాయి. రొమేనియన్‌కు సరైనవి కామా ఎస్ (ష), కామా టీ (త్స). తోక ఉన్నవి ఆ భాషవి కావు. మరి ఫైలులోకి ఎలా వచ్చాయంటారా? అక్షరాలకు సంఖ్యలిచ్చే 1987 నాటి మధ్య ఐరోపా కోడ్ పట్టిక లాటిన్-2లో ఈ రెండు అక్షరాల పేర్లు సెడిల్లాతోనే నమోదయ్యాయి. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ కూడా మొదట్లో కామాను వేరే అక్షరంగా లెక్కచేయలేదు, తోకకే మరో రూపం అనుకుంది. కామా అక్షరాలకు సొంత సంఖ్యలు దక్కింది 1999 నాటి యూనికోడ్ 3.0లో. ఆ తర్వాత కూడా పాత విండోస్ ఫాంట్లలో వాటి బొమ్మలే లేవు. 2007లో రొమేనియా ఐరోపా సమాఖ్యలో చేరేవేళకు విండోస్ విస్తా వచ్చింది, ఎక్స్‌పీకి ఫాంట్ల అప్‌డేట్ ఇచ్చారు. అంతకుముందు టైపు చేసిన పాఠమంతా తోకలతోనే ఉంది. ఇప్పటికీ పాత ఫైళ్ల నుంచి కాపీ అవుతూనే ఉంది.

ముందు నాలుగు జతల యూనికోడ్ సంఖ్యలు రాసి పెట్టుకోండి. పెద్ద ఎస్: తోకది 350, కామాది 536. చిన్న ఎస్: 351, 537. పెద్ద టీ: 354, 538. చిన్న టీ: 355, 539.

ఏ అక్షరం ఉందో కంటితో తేల్చుకోవద్దు. విండోస్‌లోని వర్డ్‌లో కర్సర్‌ను ఆ అక్షరం వెనకే పెట్టి ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. అక్షరం స్థానంలో కోడ్ కనిపిస్తుంది. చిన్న ఎస్ అయితే సున్నా-ఒకటి-అయిదు-ఎఫ్ అని వస్తే తోక, సున్నా-రెండు-ఒకటి-తొమ్మిది అని వస్తే కామా. మళ్లీ అదే నొక్కితే అక్షరం తిరిగొస్తుంది. ముఖ్యంగా టీని కంటితో అసలు నమ్మకూడదు. తోక టీకి చాలా ఫాంట్లు గీసేది కామా బొమ్మే. అందుకే పాత పాఠంలో ఎస్ కింద తోక, టీ కింద కామా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకే వాక్యంలో అలా కనిపించిందంటే అది పాత కోడ్ పాఠమని గుర్తు.

సరిచేసే పద్ధతి ఇది. ఫైలుకు కాపీ తీసుకుని దానిమీదే పనిచేయండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ‘మ్యాచ్ కేస్’ టిక్ పెట్టండి. పైన చెప్పిన నాలుగు జతలకు విడివిడిగా నాలుగుసార్లు మార్పు చేయండి. తోక ఎస్ విషయంలో మాత్రం ‘రీప్లేస్ ఆల్’ నొక్కే ముందు ఒకసారి వెతికి చూడండి. పాఠంలో టర్కిష్ పేర్లు ఉంటే వాటి తోకలు అలాగే ఉండాలి. అన్నిటినీ ఒక్క దెబ్బన మార్చేస్తే, రొమేనియన్ సరిపోయి టర్కిష్ పేర్లు పాడవుతాయి.

నాలుగుసార్లు మార్చినా కొన్ని మిగిలిపోతే ఆశ్చర్యపోకండి. పీడీఎఫ్ నుంచి తెచ్చిన పాఠంలో ఒక్కోసారి ఎస్ విడిగా, దాని వెనక అతుకు గుర్తు విడిగా ఉంటాయి. అతుకు సెడిల్లా సంఖ్య 807, అతుకు కామా సంఖ్య 806. చూడటానికి ఒకే అక్షరం, లోపల రెండు. వీటిని ముందుగా ఎన్ఎఫ్‌సీ రూపానికి (అక్షరాన్నీ అతుకు గుర్తునూ కలిపి ఒకే సంఖ్యగా చేసే యూనికోడ్ పద్ధతి) మార్చుకుంటే ఎస్, సెడిల్లా కలిసి 351 అవుతాయి, ఎస్, కామా కలిసి 537 అవుతాయి. ఆ తర్వాత పై నాలుగు మార్పులు చేయాలి. ఎన్ఎఫ్‌సీ ఒక్కటే తోకను కామాగా మార్చేస్తుందని మాత్రం అనుకోకండి. యూనికోడ్ లెక్కలో అవి ఎప్పటికీ వేరే అక్షరాలు.

ఇక ఫాంట్ మారడం. మీరు ఎంచుకున్న ఫాంట్‌లో 537, 539 బొమ్మలు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క అక్షరాన్ని మరో ఫాంట్ నుంచి తెస్తుంది. మాట మధ్యలో ఒక్క ఎస్ లావుగానో పొట్టిగానో కనబడుతుంది. ఇన్‌డిజైన్‌లోనైతే దాని చోట డబ్బా వచ్చి, పాఠం వెనక గులాబీ రంగు పడుతుంది. రెగ్యులర్‌లో ఉంది కదా అని వదిలేయకండి, బోల్డ్, ఇటాలిక్ కూడా తెరిచి చూడండి. నాలుగు అక్షరాలూ అన్ని రూపాల్లోనూ లేకపోతే ఆ ఫాంట్ ఈ పనికి పనికిరాదు. ఉన్న తోక బొమ్మను గీకి కామాలా తయారుచేసుకోవడం, కింద విడిగా కామా తెచ్చి అతికించడం వద్దేవద్దు. మరుసటి దిద్దుబాటులో అవి చెదిరిపోతాయి.

ఇంకో వల కూడా ఉంది. మంచి ఓపెన్‌టైప్ ఫాంట్లలో పేరా భాషను రొమేనియన్‌గా పెట్టగానే తోక బొమ్మ బదులు కామా బొమ్మ వస్తుంది. పేజీ మీద అంతా చక్కబడినట్టే ఉంటుంది, కోడ్ మాత్రం పాత 351గానే ఉంటుంది. పీడీఎఫ్‌లో వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే తోక బయటపడుతుంది. కోడ్ మార్చాకే భాష సెట్ చేయండి. రొమేనియన్‌లో ఈ కామా పోతే అర్థమూ పోతుంది: ‘పెస్తె’ అంటే మీద, ‘పెష్తె’ అంటే చేప.

ప్రశ్న: ఒక పాత టర్కిష్ డేటా ఫైలులో తోక ఎస్ ఉండాల్సిన చోటల్లా ఐస్లాండిక్ అక్షరం ఒకటి వస్తోంది. దాన్ని వెతికి తోక ఎస్‌గా మార్చేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ అక్షరం పేరు థోర్న్. దాన్ని మార్చడంతో పని అయిపోదు. యూనికోడ్‌కు ముందు ఒక్కో అక్షరం ఒక్కో బైటులో ఇమడాలి. 254 అనే బైటు పశ్చిమ ఐరోపా పట్టిక లాటిన్-1లో చిన్న థోర్న్. టర్కిష్ పట్టిక లాటిన్-5లో అదే బైటు చిన్న తోక ఎస్. మధ్య ఐరోపా పట్టిక లాటిన్-2లో అదే తోక టీ. బైటు ఒక్కటే, ఏ పట్టికతో చదివితే ఆ అక్షరం. లాటిన్-1లోని ఆరు ఐస్లాండిక్ అక్షరాలను తీసి, ఆ గదుల్లో టర్కిష్ అక్షరాలను పెట్టి లాటిన్-5 తయారుచేశారు. అందుకే మీ ఫైలులో థోర్న్ ఒక్కటే కాదు, మెత్తని జీ (పైన గిన్నె ఆకారపు గుర్తు ఉన్న జీ) చోట ‘ఎద్’ అనే మరో ఐస్లాండిక్ అక్షరం, చుక్క లేని ఐ చోట పైన ఏటవాలు గీత ఉన్న వై కూడా ఉంటాయి. మూలం నుంచి సరిచేస్తే అన్నీ ఒకేసారి కుదురుతాయి.

ఫైలును నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరవండి. ఎన్‌కోడింగ్ మెనూలో క్యారెక్టర్ సెట్స్, అందులో టర్కిష్, అందులో విండోస్-1254 (లాటిన్-5కు విండోస్ రూపం) ఎంచుకోండి. పాఠం తెర మీద సరిగా వచ్చిందని చూసుకున్నాకే ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8’ (యూనికోడ్ అక్షరాలను బైట్లలో రాసే పద్ధతి పేరు యూటీఎఫ్-8) నొక్కి వేరే పేరుతో భద్రపరచండి. ‘కన్వర్ట్’ అని ఉన్నదాన్నే నొక్కాలి. ఉత్త ‘యూటీఎఫ్-8’ నొక్కితే బైట్లు అలాగే ఉండి, చదివే పట్టిక మాత్రం మారుతుంది.

తోక ఎస్ చోట రెండేసి అక్షరాలు, పైన సున్నా ఉన్న పెద్ద ఏ, పైన రెండు చుక్కలున్న పెద్ద వై, వస్తుంటే రోగం తలకిందులు. ఫైలు యూటీఎఫ్-8లోనే బాగా ఉంది, చదివే ప్రోగ్రాం దాన్ని పశ్చిమ ఐరోపా పట్టిక విండోస్-1252 అనుకుంటోంది. చిన్న తోక ఎస్ యూటీఎఫ్-8లో 197, 159 అనే రెండు బైట్లు. ఆ పట్టికలో వాటి బొమ్మలే మీకు కనిపించేవి. ఫైలును ముట్టుకోకుండా ప్రోగ్రాం సెట్టింగ్ మార్చండి. ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం చేయగలిగింది లేదు, అసలు అక్షరం ఎప్పుడో పోయింది. పాత బ్యాకప్ వెతకాలి.

ప్రశ్న: టర్కిష్‌లో ఎస్ఎంఎస్‌లు పంపే సేవలో ఒక్క తోక ఎస్ ఉన్నా ఒక సందేశానికి రెండు సందేశాల చార్జీ పడుతోంది. ఎందుకు?

జవాబు: ఎస్ఎంఎస్ మూల వర్ణమాలలో తోక ఎస్ లేదు. ఆ వర్ణమాలతో పంపితే సందేశంలో 160 అక్షరాలు పడతాయి. అందులో లేని అక్షరం ఒక్కటి వచ్చినా సందేశం మొత్తం అక్షరానికి 16 బిట్ల పద్ధతికి మారుతుంది, అప్పుడు పట్టేవి 70. మీ సందేశం 70 దాటితే రెండు ముక్కలవుతుంది. ముక్కలు చేసినప్పుడు ఒక్కో ముక్కలో 67 మాత్రమే. టర్కిష్ కోసం ప్రమాణంలో ప్రత్యేక పట్టికలు చేర్చారు. సింగిల్ షిఫ్ట్ పట్టిక వాడితే సందేశంలో 155 గదులుంటాయి. అందులో తోక ఎస్ ఒక్కోటి రెండు గదులు తీసుకుంటుంది. మీ గేట్‌వే (సందేశాలు పంపిపెట్టే సంస్థ) ఆ సదుపాయం ఇస్తుందేమో అడగండి. డబ్బు మిగులుతుందని తోకలు కత్తిరించి పంపడం మాకు నచ్చని పద్ధతి.

ప్రశ్న: పేరులో తోక ఎస్ ఉన్నవాళ్ల విమాన టికెట్‌లో ఎస్ రాయాలా, ఎస్‌హెచ్ రాయాలా?

జవాబు: ఉత్త ఎస్. పాస్‌పోర్టు కింది భాగంలో యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 పత్రం ప్రకారం అక్కడ తోక ఎస్ మామూలు ఎస్ అవుతుంది. టికెట్‌లో, వీసా దరఖాస్తులో ఆ వరుసల్లో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయాలి. పలుకుబడి చూసి ఎస్‌హెచ్ రాస్తే పాస్‌పోర్టుతో సరిపోలదు.

ప్రశ్న: తెలుగు మాటలను రోమన్ లిపిలో రాసేటప్పుడు ష కోసం తోక ఎస్ వాడవచ్చా?

జవాబు: వద్దు. భారతీయ లిపులను రోమన్‌లో రాయడానికి 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ప్రమాణంలో ష కు చుక్క ఎస్ (సంఖ్య 7779), శ కు పైన ఏటవాలు గీత ఉన్న ఎస్ (347), స కు మామూలు ఎస్. సంస్కృత గ్రంథాల రోమన్ ప్రతుల్లోనూ ఇదే పద్ధతి. తోక ఎస్ వాడితే చూసేవారికి పెద్ద తేడా అనిపించదు, గ్రంథాలయ సూచికలో మాత్రం ఆ మాట దొరక్కపోవచ్చు. స్కాన్ చేసిన పాత పుస్తకాలను ఓసీఆర్ చేసేవారు (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో పాఠంగా మార్చేవారు) ఈ జతను ప్రత్యేకంగా సరిచూసుకోవాలి. చిన్న సైజు అచ్చులో సిరా పాకిన చుక్క తోకలాగే ఉంటుంది. నైజీరియాలోని యొరూబా భాషలో కూడా చుక్క ఎస్ ఉంది, దాని పలుకు ఇంగ్లీషు ష లాంటిది.

ప్రశ్న: టర్కిష్ పదాల అకారాది సూచిక ఎక్సెల్‌లో వేస్తే ఎస్, తోక ఎస్ కలగలిసి వస్తున్నాయి. పెద్దక్షరాలకు మార్చితే ఇంకేదో తేడా వచ్చిందని చెప్పారు.

జవాబు: టర్కిష్ నిఘంటువులో ఎస్‌తో మొదలయ్యే మాటలన్నీ అయిపోయాక తోక ఎస్ మాటలు మొదలవుతాయి. ‘షిష్’ స్థానం ‘సిస్’ పక్కన కాదు, ‘స్యుత్’ అంటే పాలు, దాని తర్వాత. ఎక్సెల్ క్రమాన్ని కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్ నుంచి తీసుకుంటుంది. ఇంగ్లీషు సెట్టింగ్‌లో తోక ఎస్ అంటే గుర్తు పెట్టిన ఎస్ అంతే, అందుకే కలిసిపోయాయి. సెట్టింగ్‌ను టర్కిష్‌కు మార్చి, ఎక్సెల్ మూసి తెరిచి, మళ్లీ వరుస వేయండి. డేటాబేస్ అయితే టర్కిష్ కొలేషన్ (వరుస వేసే నియమాల సెట్టింగ్) ఎంచుకోవాలి. రొమేనియన్‌లోనూ ఎస్ తర్వాత కామా ఎస్, టీ తర్వాత కామా టీ విడి అక్షరాలే.

పెద్దక్షరాల తేడాకు తోక ఎస్ కారణం కాదు, దాని పక్కనున్న ఐ. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేర్వేరు అక్షరాలు. చుక్క ఉన్నది పెద్దక్షరమైనా చుక్క పోకూడదు. ఇంగ్లీషు సెట్టింగ్‌లో ‘షిష్’ను పెద్దక్షరాలకు మారిస్తే తోకలు రెండూ నిలుస్తాయి, మధ్యలో చుక్క మాత్రం పోతుంది. చేతితో దిద్దాల్సి వస్తే సరైన పెద్దక్షరం సంఖ్య 304. వర్డ్‌లో సున్నా, ఒకటి, మూడు, సున్నా కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే వస్తుంది.